గరిక మోయగలిగే వేగం

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా నల్లరేగడి చేలు సాగుచేసే రైతుకు గరిక తరతరాల తలనొప్పి. ఎండాకాలంలో రేగడి బీటలు తీసి, పైనున్న పచ్చదనమంతా మాడిపోయినా, నేల లోపల దాని కాండం బతికే ఉంటుంది. తొలకరి పడగానే మళ్ళీ తలెత్తుతుంది. గుంటక తోలితే ముక్కలవుతుంది గానీ చావదు. కణుపున్న ప్రతి ముక్కా ఇంకో మొక్కవుతుంది. పత్తిలోనో జొన్నలోనో గరిక పట్టిందంటే కూలి ఖర్చు పెరిగినట్టే. వినాయక చవితినాడు మాత్రం అదే గరికను ఏరి తెచ్చి దేవుడి ముందు పెడతాం.

శాస్త్రజ్ఞులు సైనోడాన్ డాక్టిలాన్ అని పిలిచే ఈ గడ్డికి ప్రపంచంలో మరో జీవితం ఉంది. వేడి దేశాల గోల్ఫ్ మైదానాల్లో, జెండా పాతిన రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించి ఉంచే గ్రీన్ మీద పెరిగేది ఎక్కువగా గరిక, లేదా గరిక సంకర జాతులే. బంతి ఆ గడ్డి మీద ఎంత వేగంగా పరుగెత్తాలన్నది గోల్ఫ్ ఆటగాళ్ళ మధ్య దశాబ్దాలుగా నడుస్తున్న వాదం. గాజుపలకలా జారిపోయే గ్రీన్ కావాలని కొందరు, బంతిని కాస్త పట్టి ఆపే గ్రీన్ కావాలని కొందరు పట్టుబడతారు. ఇది ఇష్టాయిష్టాల గొడవలాగే కనిపిస్తుంది. కానీ దీని వెనక భౌతికశాస్త్రం, వృక్షశాస్త్రం, నీటి లెక్క అన్నీ ఉన్నాయి.

పశువుల మేత నుంచి గోల్ఫ్ గ్రీన్ దాకా

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906లో మొదలైంది. ఈ నేలకు సరిపడే పత్తి, జొన్న, శనగ రకాల మీద అక్కడ తరాల తరబడి పనిచేస్తున్నారు. అలాంటిదే ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, టిఫ్టన్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 1936లో గ్లెన్ బర్టన్ అనే ప్రజననశాస్త్రజ్ఞుడు అక్కడ చేరాడు. ఆయనకు అప్పగించిన పని గోల్ఫ్ కాదు, పశువుల మేత. అమెరికా దక్షిణాది రాష్ట్రాల పత్తి రైతులు కూడా మన రైతుల్లాగే గరికను కలుపుగా చూసి తిట్టుకునేవారు. ఆ గడ్డినే మేలు రకం మేతగా మార్చి, 1943లో కోస్టల్ అనే రకాన్ని ఆయన విడుదల చేశాడు.

తర్వాత ఆయన చూపు పచ్చిక మీదికి మళ్ళింది. మామూలు గరికను సన్నటి ఆకులుండే ఆఫ్రికా జాతి గరికతో సంకరం చేశాడు. మామూలు గరికలో 36 క్రోమోజోములు, ఆఫ్రికా గరికలో 18. వాటి సంతానంలో 27. ఈ బేసి సంఖ్య వల్ల సంకర గరిక విత్తనం కట్టదు. కణుపులున్న తీగ ముక్కలు నాటి పెంచాల్సిందే. మన చేలో గుంటకకు తెగి కొత్త మొక్కలయ్యే గుణమే ఇక్కడ నాటు పద్ధతిగా ఉపయోగపడింది. అలా 1956లో టిఫ్‌గ్రీన్ వచ్చింది. అందులో సహజంగా పుట్టిన ఒక పొట్టి ఉత్పరివర్తనం 1965లో టిఫ్‌డ్వార్ఫ్‌గా విడుదలైంది. గామా కిరణాల సాయంతో తయారైన ఇంకా పొట్టి రకం టిఫ్‌ఈగిల్ 1990లలో విడుదలైంది. సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించినా బతికే గరిక ఇది. గ్రీన్ల వేగం పెరగడానికి ఇలాంటి పొట్టి రకాల పుట్టుక ఒక ముఖ్య కారణం.

వేగాన్ని కొలిచే పట్టీ

వేగం అన్నమాటకు ఒక అంకె రావడం వెనక ఒక పోటీ ఉంది. 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్ మైదానంలో యూఎస్ ఓపెన్ జరిగింది. అక్కడి గ్రీన్లు ఎంత కఠినంగా ఉన్నాయంటే, నాలుగు రౌండ్లు కలిపి 300 దెబ్బల లోపు ముగించింది ఒక్క విజేత సామ్ పార్క్స్ మాత్రమే. ఆయన స్కోరు 299. మేటి ఆటగాడు జీన్ సారజెన్ కొట్టిన పట్ (గ్రీన్ మీద బంతిని రంధ్రం వైపు దొర్లించే దెబ్బ) ఒకటి గ్రీన్ దాటి బయటికి దొర్లిపోయింది. అది చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఔత్సాహిక ఆటగాడికి, ఈ గ్రీన్లు మితిమీరిన వేగంతో ఉన్నాయని చెబితే సరిపోదు, కొలిచి చూపించాలి అనిపించింది. చెక్కతో ఒక గాడి పట్టీ చేశాడు. 1970లలో అమెరికా గోల్ఫ్ సంఘం సాంకేతిక నిపుణుడు ఫ్రాంక్ థామస్ దాన్ని అల్యూమినియంతో మెరుగుపరిచాడు. 1978 నుంచి అది మైదానాల నిర్వాహకులకు అందుబాటులోకి వచ్చింది. దాని పేరు స్టింప్‌మీటర్.

పరికరం చాలా సులువు. మూడడుగుల పట్టీ మధ్యలో వి ఆకారపు గాడి ఉంటుంది. నేలకు తగిలే కొస నుంచి 30 అంగుళాల దూరంలో ఒక చిన్న నొక్కు. అందులో బంతిని పెట్టి పట్టీ పై కొసను మెల్లగా ఎత్తుతారు. వాలు దాదాపు 20 డిగ్రీలకు రాగానే బంతి తనంతట తానే జారుతుంది. ఎవరు ఎత్తినా, ఎక్కడ ఎత్తినా, సెకనుకు సుమారు 6 అడుగుల వేగంతోనే అది గ్రీన్ మీదికి దిగుతుంది. ఆ తర్వాత అది దొర్లిన దూరమే ఆ గ్రీన్ వేగం. ఒక దిశలో మూడు బంతులు, ఎదురు దిశలో మూడు బంతులు దొర్లించి సగటు తీస్తారు. పది అడుగులు దొర్లితే ఆ గ్రీన్ స్టింప్ 10.

1970లలో అమెరికాలోని వందలాది గ్రీన్లను ఇలా కొలిస్తే సగటు సుమారు ఆరున్నర అడుగులు వచ్చింది. రోజువారీ ఆటకు ఎనిమిదిన్నర అడుగులుంటే వేగవంతమైన గ్రీన్‌గా అప్పట్లో వర్గీకరించారు. ఇవాళ పెద్ద పోటీల్లో 12 దాటడం మామూలైపోయింది. ఒకప్పటి వేగం ఇప్పటి నిదానం అయింది.

వాలు చెప్పే లెక్క

అడుగో రెండడుగులో తేడా వస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు గ్రీన్ వాలులో ఉంది. దొర్లే బంతిని రెండు బలాలు ప్రభావితం చేస్తాయి. గడ్డి నిరోధం దాన్ని ఆపాలని చూస్తుంది. వాలు మీద భూమి ఆకర్షణ దాన్ని కిందికి లాగుతుంది. గ్రీన్ వేగం పెరగడమంటే గడ్డి నిరోధం తగ్గడమే. వాలు లాగే లాగుడు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. కాబట్టి వేగం పెరిగే కొద్దీ బంతి మీద వాలుదే పైచేయి.

లెక్క వేసి చూద్దాం. చదునైన చోట సరిగ్గా 10 అడుగులు వెళ్ళి ఆగే దెబ్బ కొట్టామనుకుందాం. నూరడుగులకు మూడడుగులు దిగే వాలు ఉన్న గ్రీన్ మీద, స్టింప్ 8 దగ్గర ఆ దెబ్బకు బంతి దిగువకు సుమారు పద్నాలుగున్నర అడుగులు వెళుతుంది. ఎగువకైతే ఏడున్నర అడుగులకు కాస్త పైన ఆగుతుంది. అదే వాలు, స్టింప్ 12 అయితే దిగువకు సుమారు పద్దెనిమిదిన్నర అడుగులు, ఎగువకు ఏడడుగుల లోపే. ఎగువకూ దిగువకూ మధ్య తేడా మొదటి గ్రీన్ మీద దాదాపు ఏడడుగులు, రెండోదాని మీద దాదాపు పన్నెండడుగులు. గడ్డిని కాస్త పొట్టిగా కత్తిరించినందుకే ఆట ఇంత మారిపోతుంది.

ఇంకో మెట్టు పైకి వెళితే అసలు బంతి ఆగని వాలు వస్తుంది. స్టింప్ 12 దగ్గర నూటికి ఆరున్నర అడుగుల వాలు మీద గడ్డి నిరోధం, వాలు లాగుడు సమానమవుతాయి. అంతకంటే ఏటవాలైతే బంతి దిగువకు దొర్లుతూనే ఉంటుంది. స్టింప్ ఆరున్నర ఉన్న రోజుల్లో ఈ హద్దు నూటికి పన్నెండు అడుగుల దగ్గర ఉండేది. పాత కాలపు రూపశిల్పులు ఆ నిదానాన్ని దృష్టిలో పెట్టుకునే గ్రీన్లకు గట్టి వాలులు, ఒంపులు ఇచ్చారు. ఆ గ్రీన్ల మీదే ఇవాళ్టి వేగం తెస్తే రంధ్రం పెట్టడానికి పనికొచ్చే చోటే కరువవుతుంది.

2004లో షినకాక్ హిల్స్‌లో యూఎస్ ఓపెన్ చివరి రోజున ఇదే జరిగింది. ఏడో గ్రీన్ మీద బంతి నిలవలేదు. ఆట నడుస్తుండగానే ఒక జట్టుకూ ఇంకో జట్టుకూ మధ్య గడ్డి తడపాల్సి వచ్చింది. 2015లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ జరుగుతుంటే, గాలికి గ్రీన్ల మీద బంతులు కదిలిపోయి శనివారం ఆటను గంటల తరబడి ఆపేశారు. 2016లో మళ్ళీ ఓక్‌మాంట్‌లో, డస్టిన్ జాన్సన్ పట్ కొట్టబోతుండగా బంతి వెంట్రుకవాసి కదిలింది. దానికి ఒక దెబ్బ జరిమానా వేశారు. అయినా ఆయనే గెలిచాడు. ఆ వివాదం తర్వాత, గ్రీన్ మీద పొరపాటున బంతి కదిలితే జరిమానా ఉండకూడదని 2017లో నిబంధననే సడలించారు. వేగం గీత దాటితే ఆట నైపుణ్యం నుంచి అదృష్టానికి జారుతుందని ఈ మూడు సంఘటనలూ చెబుతున్నాయి.

వేగం కోరేవాళ్ళు, నిదానం కోరేవాళ్ళు

అయినా మేటి ఆటగాళ్ళు వేగాన్నే ఇష్టపడతారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. వేగం ఉన్న గ్రీన్ నునుపుగా ఉంటుంది. పొట్టి గడ్డి మీద బంతి ఎగరదు, గీసిన గీత మీదే నడుస్తుంది. చేతిని కొద్దిగా కదిపితే చాలు కాబట్టి దెబ్బ దిశ తప్పే అవకాశం తక్కువ. రంధ్రం దగ్గర పనిచేసే భౌతికశాస్త్రం కూడా వాళ్ళ పక్షానే ఉంది. గోల్ఫ్ రంధ్రం వ్యాసం నాలుగుంపావు అంగుళాలు. బ్రయన్ హోమ్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1991లో ప్రచురించిన లెక్క ప్రకారం, రంధ్రం నట్టనడుమకు వచ్చిన బంతి కూడా సెకనుకు 1.63 మీటర్లకు మించిన వేగంతో వస్తే దాటిపోతుంది. అంచు వైపు వచ్చే బంతి ఇంకా నెమ్మదిగా రావాలి. రంధ్రం తప్పితే అడుగున్నర అవతల ఆగేలా కొట్టారనుకుంటే, స్టింప్ 8 దగ్గర బంతి రంధ్రం వద్దకు సెకనుకు దాదాపు 0.8 మీటర్ల వేగంతో వస్తుంది. స్టింప్ 12 దగ్గర 0.65 మీటర్ల వేగంతోనే వస్తుంది. నెమ్మదిగా వచ్చే బంతికి రంధ్రం కాస్త పెద్దదైనట్టే.

తెలుగు కుటుంబంలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన సాహిత్ తీగల ఇలాంటి గ్రీన్ల మీద రాణించాడు. 2023 మాస్టర్స్ చివరి రోజున అగస్టా నేషనల్ పదహారో హోల్ దగ్గర ఆయన గ్రీన్ పక్క నుంచి కొట్టిన చిప్ షాట్ వాలు మీద మలుపు తిరిగి, మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళి రంధ్రంలో పడింది. ఆ పోటీలో ఆయన తొమ్మిదో స్థానాన్ని పంచుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి, పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. ఆ చిప్‌లో బంతిని రంధ్రం దాకా నడిపించింది గ్రీన్ వాలే. ఎక్కడ దించితే ఎటు మళ్ళుతుందో ముందే చూడగలిగిన కన్ను దానికి కావాలి. అలాంటి చేతికి వేగం ఒక ఆయుధం.

వారాంతాల్లో ఆడే మామూలు ఆటగాడి సంగతి వేరు. ఇరవై అడుగుల పట్‌కు చేతిలో చిన్న తడబాటు వస్తే, స్టింప్ 8 కంటే 12 దగ్గర ఆ పొరపాటు అయిదో వంతుకు పైగా పెద్దదవుతుంది. రెండు పట్లలో ముగియాల్సింది మూడు, నాలుగు అవుతుంది. వెనక వచ్చే జట్టు కాచుకుని ఉంటుంది. పెద్దవయసు వాళ్ళు, కొత్తగా నేర్చుకునే పిల్లలు నిరుత్సాహపడతారు. బంతిని ధైర్యంగా, నిండుగా కొట్టే ఆనందం నిదానమైన గ్రీన్ ఇస్తుంది. ఎగువ దిగువ వాలుల తేడా తెలుసుకుంటూ నేర్చుకోవడానికి అవకాశం ఇస్తుంది. నిదానం కోరడం చేతగానితనం కాదు.

అసలు ఈ వాదంలో ఇరుపక్షాలూ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, గోల్ఫ్ ఆటగాళ్ళు గ్రీన్ల మధ్య వేగం తేడాను నిజంగా గుర్తించగలరా అని పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. ఆరు అంగుళాల లోపు తేడాను సగటు ఆటగాడు పట్టుకోలేకపోయాడు. అంటే మా గ్రీన్ పదిన్నర, మీది పదే అని పోటీపడేవాళ్ళు చాలాసార్లు తమ పాదాలకు, కళ్ళకు తెలియని తేడా కోసం పోటీపడుతున్నారు. స్టింప్‌మీటర్‌ను ఇచ్చిన అమెరికా గోల్ఫ్ సంఘం కూడా దాని పని ఒక మైదానాన్ని ఇంకో మైదానంతో పోల్చడం కాదని, ఒకే మైదానంలోని పద్దెనిమిది గ్రీన్లూ ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూడడమని చెబుతూ వచ్చింది.

గడ్డి చెల్లించే మూల్యం

వేగం ఎక్కడి నుంచి వస్తుంది? ముఖ్యంగా కోత ఎత్తు తగ్గించడం నుంచి. ఒకప్పుడు గ్రీన్ గడ్డి ఎత్తు 6 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు 3 మిల్లీమీటర్లు, కొన్నిచోట్ల అంతకంటే తక్కువ. ఆకే మొక్కకు వంటిల్లు. ఆకు తగ్గితే ఎండ నుంచి తయారయ్యే ఆహారం తగ్గుతుంది. ఆహారం తగ్గితే వేరు లోతుకు పోదు. వేరు పైపైనే ఉంటే ఎండాకాలంలో నీళ్ళు తరచుగా పెట్టాలి. బలహీనపడ్డ గడ్డికి శిలీంధ్ర తెగుళ్ళు వస్తాయి, మందులు కొట్టాలి. గరికకు నిండు ఎండ కావాలి. మబ్బు పట్టిన వానాకాలపు వారాల్లో పొట్టి గరిక మరింత నీరసిస్తుంది.

గరికకు ఇంకో గుణం ఉంది. దాని ఆకులు ఒక వైపుకు వాలి పెరుగుతాయి. ఆ వాలిన దిశలో బంతి వేగంగా, ఎదురుగా నెమ్మదిగా పోతుంది. అనుభవం ఉన్న ఆటగాళ్ళు గ్రీన్‌ను తేరిపార చూసి దీన్ని పసిగడతారు. గడ్డి మెరుస్తూ కనిపిస్తే ఆకు మనకు అవతలి వైపు వాలినట్టు, ముదురుగా కనిపిస్తే మన వైపు వాలినట్టు. ఈ తేడా వల్లే గతంలో చాలామంది గరిక గ్రీన్లను చిన్నచూపు చూశారు. అగస్టా నేషనల్ 1981 మాస్టర్స్ నాటికి తన గ్రీన్లను చల్లటి ప్రాంతపు బెంట్ గడ్డికి మార్చేసింది. ఆ తర్వాత వచ్చిన పొట్టి గరికలు ఆ లోటును చాలావరకు తీర్చాయి.

గడ్డిని గీకేయకుండా వేగం, నునుపు తెచ్చే మార్గాలూ ఉన్నాయి. తేలికపాటి రోలర్ నడిపితే ఆ రోజుకు దాదాపు ఒక అడుగు వేగం పెరుగుతుంది. పల్చగా ఇసుక చల్లడం, అడ్డంగా పెరిగే తీగలను నిలువుగా కోయడం, నత్రజని ఎరువు మితంగా వాడడం కూడా మేలు చేస్తాయి. ఆకు నిలుస్తుంది, వేరు బతుకుతుంది, బంతి సాఫీగా దొర్లుతుంది.

మన నేల మీద

మన దేశానికి గోల్ఫ్ కొత్త కాదు. బ్రిటిష్ దీవుల వెలుపల మొదటి గోల్ఫ్ క్లబ్బు 1829లో కలకత్తాలోనే పుట్టింది. నీళ్ళు చాలని చోట్ల గ్రీన్ల బదులు బ్రౌన్లు ఉండేవి. ఇసుకలో నూనె కలిపి చదును చేసిన గుండ్రటి కళ్ళాలవి. ఒక్క చుక్క నీరు అడగకుండా, కాలంతో పనిలేకుండా, ఒకే తీరు వేగం ఇచ్చేవి. ఇవాళ తెలుగు రాష్ట్రాల్లో విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బులో, హైదరాబాద్‌లో గోల్కొండ నయాకిల్లా గోడల నడుమనున్న మైదానంలో, గచ్చిబౌలి బండరాళ్ళ మధ్య పరిచిన బౌల్డర్ హిల్స్‌లో పచ్చటి గ్రీన్ల మీద ఆడుతున్నారు. కొత్త మైదానాలూ వస్తాయి.

నంద్యాల లాంటి రేగడి ప్రాంతంలో రేపు ఎవరైనా గ్రీన్ వేయాలనుకుంటే, గరిక గురించి దిగులు అక్కర్లేదు. దిగులంతా నేలతోనే. రేగడిలోని బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలిస్తుంది. దాని మీద నేరుగా వేసిన గ్రీన్ ఒక్క ఏడాది కూడా చదునుగా ఉండదు. వాననీరు ఇంకక నిలిచిపోతుంది. ఇలాంటి ఇబ్బంది లేకుండా కింద మురుగు గొట్టాలు, నాలుగు అంగుళాల కంకర, పైన పన్నెండు అంగుళాల ఇసుక పొర వేసి గ్రీన్ కట్టే పద్ధతిని 1960లో అమెరికా గోల్ఫ్ సంఘం ప్రచురించింది. ప్రపంచమంతా ఇవాళ ఎక్కువగా అనుసరించేది దాన్నే. ఇసుకలో నీరు వేగంగా దిగిపోతుంది. అంటే నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో పదేపదే తడపాలి. ఆ పైన స్టింప్ 12 కోసం గడ్డిని గీకేస్తే వేసవిలో ఆ గ్రీన్‌ను నిలబెట్టడానికి పోసే నీళ్ళకు అంతుండదు. కుందూ నది పరీవాహక ప్రాంతంలో కాలువ నీటి కోసం చివరి ఆయకట్టు రైతు ఎదురుచూస్తుండే చోట ఆ లెక్క ముందుగా వేసుకోవాలి.

కాబట్టి వేగమా నిదానమా అన్న ప్రశ్నకు ప్రపంచానికంతటికీ ఒకే అంకె జవాబు కాదు. గ్రీన్ వాలు ఎంత, గడ్డి ఏది, ఏ కాలం, నీరెంత, ఆడేది ఎవరు అనే అయిదు సంగతులు కలిసి తేల్చాల్సిన అంకె అది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన తెలుగు రాష్ట్రాల ఎండకు, గరికకు, రోజూ ఆడే సభ్యులకు స్టింప్ 9 చుట్టూ ఉండే గ్రీన్ చాలు. పోటీలున్న వారం రోలర్‌తో ఇంకో అడుగు పెంచుకోవచ్చు. వానాకాలంలో కోత ఎత్తు పెంచి గడ్డికి ఊపిరి పోయాలి. టీవీలో కనిపించే మాస్టర్స్ వేగాన్ని ఏడాది పొడవునా కోరడం మానాలి. క్లబ్బు కమిటీలు ఆ అంకెను గొప్పగా చెప్పుకోవడం మాని, పద్దెనిమిది గ్రీన్లూ ఒకే తీరుగా, సాఫీగా ఉన్నాయా అన్నది చూడాలి. ఈసారి గ్రీన్ మీద అడుగుపెట్టినప్పుడు ఇది ఎంత వేగం అని అడిగే ముందు, బంతి నిక్కచ్చిగా దొర్లుతోందా, గడ్డి ఆరోగ్యంగా ఉందా అని అడగండి. మంచి గ్రీన్‌కు ఆ రెండే అసలు కొలతలు.